గొట్టంలో పడ్డాకా రక్తానికి ఆకలే

ఈ నెల ఉత్తరాల కట్ట విప్పితే సగం షుగర్ పరీక్ష గురించే. ఒకరికొకరు తెలియని ఆరుగురు రాసిన ఆరు ఉత్తరాలూ తిరిగి తిరిగి ఒకే ఎంజైమ్ దగ్గరికి వచ్చి ఆగాయి. దాని పేరు ఎనోలేజ్, ఒంట్లో రసాయన మార్పులని నడిపించే ప్రొటీన్లలో ఒకటి. ముప్పై నాలుగేళ్లు ల్యాబ్‌లో గొట్టాలు పట్టుకుని బతికినదాన్ని, ఈ ఎంజైమ్‌తో నాకు పాత పరిచయం, కొంచెం పాత పగ కూడా. అందుకని ఈసారి మిగతా ఉత్తరాలు పక్కన పెట్టేశాను. థైరాయిడ్ వాళ్లు కోప్పడకండి, వచ్చే నెల మీదే.

ప్రశ్న: మేడమ్ గారూ, మా అమ్మకి డెబ్భై ఒకటి. పోయిన నెల ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లే అబ్బాయి ఉదయం ఆరున్నరకి వచ్చాడు. అదే సమయానికి నేను ఇంట్లో మిషన్‌తో వేలు గుచ్చి చూస్తే 117. వాళ్ల రిపోర్టులో ఫాస్టింగ్ 98 అని ఉంది. వారం తర్వాత అనుమానమొచ్చి అమ్మని ఆటోలో ల్యాబ్‌కే తీసుకెళ్తే 112. మూడింటిలో ఏది నిజం? ఆ అబ్బాయి ఒకే గొట్టం తీశాడు, ఎర్ర మూతది. అందులోనే థైరాయిడ్, కొలెస్ట్రాల్, షుగర్ అన్నీ అన్నాడు. రిపోర్టులో రక్తం మిషన్ ఎక్కిన సమయం తొమ్మిదిన్నర అని ఉంది. ల్యాబ్‌లో మాత్రం రెండు గొట్టాలు తీశారు, ఒకదానికి బూడిద రంగు మూత. దీనికీ దానికీ సంబంధం ఉందా, లేక నాదే టెన్షనా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: టెన్షన్ కాదమ్మా, మీ కన్ను బాగా పనిచేసింది. మూత రంగు చూసి రాసినవాళ్లు ఈ శీర్షికకి మీరే మొదలు.

రక్తం ఒంట్లోంచి బయటికి రాగానే చచ్చిపోదు. తాము గొట్టంలోకి మారామన్న సంగతి ఎర్ర కణాలకి తెలియదు. వాటిలో మైటోకాండ్రియా ఉండవు, అంటే ఆక్సిజన్‌తో ఇంధనాన్ని మండించుకునే పొయ్యి లేదు. చక్కెరని పది మెట్ల మీదుగా విరగ్గొట్టుకుని, వచ్చిన కాస్త శక్తితోనే బతకాలి. ఆ పది మెట్ల పేరే గ్లైకాలిసిస్. ఒంట్లో ఉంటే లివర్ ఎప్పటికప్పుడు రక్తంలోకి చక్కెర వదులుతూ ఉంటుంది. గొట్టంలో లివర్ ఎక్కడిది? ఉన్నది తినడమే. మామూలు గది వేడిలో గంటకి ఐదు నుంచి ఏడు శాతం చక్కెర అలా ఖర్చయిపోతుంది. తెల్ల కణాలు బాగా పెరిగిన రోగి రక్తమైతే ఇంకా వేగంగా.

ఇప్పుడు మీ లెక్క చూడండి. ఆరున్నరకి తీసిన రక్తం తొమ్మిదిన్నరకి మిషన్ ఎక్కింది. మూడు గంటలు. బైక్ మీద డబ్బాలో. 112 ఉన్న రక్తం ఆ మూడు గంటల్లో తొంభైల్లోకి దిగడానికి ఏ మాయా అక్కర్లేదు. మీకొచ్చిన 98 నాకైతే అలాగే కనబడుతోంది. వారం తేడా ఉంది కాబట్టి అమ్మ షుగర్ నిజంగానే కాస్త అటూఇటూ అయి ఉండొచ్చు, అది కాదనను. ఇక మీ ఇంటి మిషన్ అప్పటికప్పుడే చెబుతుంది, దానికి ఈ నిలవ జబ్బు లేదు. కానీ వందకి పైన పదిహేను శాతం అటూఇటూ చూపించినా మంచి మిషన్ కిందే లెక్క. 117ని పట్టుకుని కూర్చోకండి. ముగ్గురిలో నేను 112ని నమ్ముతాను.

బూడిద మూత గొట్టం అడుగున తెల్లటి పొడి ఉంటుంది, వెలుగుకి ఎత్తి చూస్తే కనబడుతుంది. అది సోడియం ఫ్లోరైడ్, రక్తం గడ్డకట్టకుండా దానితోపాటు పొటాషియం ఆక్సలేటో ఈడీటీఏనో. ఆ ఫ్లోరైడ్ వెళ్లి పట్టుకునేది తొమ్మిదో మెట్టు మీదున్న ఎనోలేజ్‌ని. ఎనోలేజ్ ఆగితే గ్లైకాలిసిస్ ఆగుతుంది. ఇదీ దాని కథ.

అయితే ఒక మెలిక ఉంది. మేం కూడా చాలాకాలం దీన్ని సరిగ్గా అర్థం చేసుకోలేదు. బూడిద మూతలో పడగానే చక్కెర ఖర్చు టక్కున ఆగిపోతుందనుకునేవాళ్లం. ఆగదు. మొదటి గంట దాదాపు మామూలు గొట్టంలాగే తరుగుతుంది, ఆ తర్వాత నెమ్మదించి రెండు గంటలు దాటాకే స్థిరపడుతుంది. ఎందుకంటే తాళం వేసింది తొమ్మిదో గదికి, చక్కెర లోపలికి వచ్చేది మొదటి గది గుమ్మంలోంచి. కొట్టు లెక్కలో చెబుతాను. కణం శక్తిని ఖర్చుపెట్టే నాణెం పేరు ఏటీపీ. ఒక్కో గ్లూకోజ్‌కి మొదట్లో కణం రెండు ఏటీపీలు పెట్టుబడి పెడుతుంది. ఏడో మెట్టు దగ్గర రెండు తిరిగొస్తాయి. ఇంకో రెండు పదో మెట్టు దగ్గర వస్తాయి, లాభమంతా అక్కడే. తొమ్మిదో మెట్టు మూస్తే అసలు వస్తుంది, లాభం రాదు. కానీ కణానికి వేరే ఖర్చులున్నాయి, సోడియాన్ని బయటికి తోసే పంపులూ అవీ. లాభం లేని కొట్టు చేతిలో ఉన్న సొమ్ముతో కొంతసేపు నడుస్తుంది కదా, అలాగే నడిచి, ఏటీపీ అడుగంటాక మొదటి మెట్టు కూడా మూతపడుతుంది. అప్పుడు చక్కెర తరగడం ఆగుతుంది. ఆ తర్వాత మూడు రోజులున్నా పెద్దగా మారదు.

ఈ మొదటి రెండు గంటల నష్టం నాలుగైదు శాతం. మీ అమ్మగారికి అది పెద్ద విషయం కాదు. కానీ గర్భిణికి ఫాస్టింగ్ 92 దగ్గర గీత గీసే పద్ధతిలో చూస్తే, 94 ఉన్నామె 90 అయిపోయి గీతకి ఇవతల పడిపోతుంది. అందుకే ఇప్పుడు మంచి ల్యాబుల్లో రక్తాన్ని ఐస్ నీళ్లలో పెట్టి అరగంటలోపు కణాలని వేరు చేస్తారు. లేదా ఫ్లోరైడ్‌తోపాటు సిట్రేట్ ఉన్న గొట్టం వాడతారు. సిట్రేట్ రక్తాన్ని పుల్లగా చేసి మొదటి మెట్లనే వెంటనే ఆపేస్తుంది.

నా పగ సంగతి అన్నాను కదా. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, మే నెల, ఒక పల్లెలో షుగర్ శిబిరం. మధ్యాహ్నానికి బూడిద మూతలు అయిపోయాయి. నేనే, ఎవరూ చెప్పకుండా, మిగిలినవాళ్లకి ఎర్ర మూతల్లో తీశాను. జీపుకి దారిలో పంక్చర్. ఎండకి డబ్బాలో ఐస్ ఎప్పుడో కరిగిపోయింది. ఊరు చేరి మిషన్ ఎక్కించేసరికి ఐదు గంటలు దాటింది. 61, 58, 66, వరసగా అవే. తిండి తినొచ్చిన మనుషులు వాళ్లు. మా డాక్టర్ గారు కాగితం చూసి, "ఏమ్మా, ఊరుఊరంతా ఏకాదశా?" అన్నారు. ఆ వరసలో 104 అని ఒకాయనది ఉంది. నార్మల్ అని రాసి పంపించేశాం. ఏడాదిన్నర తర్వాత ఆయనే కాలికి పుండుతో మా ఆసుపత్రికి వచ్చాడు. పేరు చూసి గుర్తుపట్టాను. ఆయనకి చెప్పే ధైర్యం నాకు రాలేదు.

ఇంటికొచ్చే అబ్బాయిని ఈసారి నాలుగు అడగండి. షుగర్‌కి బూడిద మూత తెచ్చాడా, దాన్ని ఆఖర్న తీస్తున్నాడా, తీశాక ఎనిమిది పదిసార్లు మెల్లగా తలకిందులు చేస్తున్నాడా, ల్యాబ్‌కి ఎన్నింటికి చేరుతుంది. ఆఖర్న ఎందుకంటే, ఆ పొడి పక్క గొట్టంలోకి అంటితే పొటాషియం లెక్క, కొన్ని పద్ధతుల్లో యూరియా లెక్క కూడా పాడవుతాయి. తలకిందులు చేయకపోతే పొడి అడుగునే కూర్చుంటుంది, మూత బూడిద రంగులో ఉన్నా ప్రయోజనం లేదు. అబ్బాయిని కసరకండి, పాపం, పొద్దున్నే పదిళ్లు తిరగాలి. అడగండి చాలు.

ప్రశ్న: నేను బీఎస్సీ రెండో సంవత్సరం చదువుతున్నాను. గ్లైకాలిసిస్ పది ఎంజైములు బట్టీ పట్టాం కానీ ఎనోలేజ్ అక్కడ అసలు ఏం చేస్తుందో అర్థం కాలేదు. ఒక నీటి అణువు తీసేస్తుందట, అంతేనా? దానికి ఇంత హడావిడి ఎందుకు? ఇంకో చిన్న ప్రశ్న. మా ఊరివాడైన యల్లాప్రగడ సుబ్బారావు గారికీ దీనికీ ఏమైనా సంబంధం ఉందా?
– ఒక విద్యార్థిని, భీమవరం

జవాబు: అంతే తల్లీ. ఒక్క నీటి అణువు తీసేస్తుంది. కానీ ఎక్కణ్ణుంచి తీస్తుందో చూడు. దాని చేతికొచ్చేది 2-ఫాస్ఫోగ్లిసరేట్. దానికి వేలాడే ఫాస్ఫేట్‌లో పెద్ద బలం లేదు, దాన్ని విడగొడితే ఒక ఏటీపీ చేసేంత శక్తి కూడా రాదు. నీరు లాగేసిన మరుక్షణం అదే ఫాస్ఫోఎనోల్‌పైరువేట్ అవుతుంది. ఇప్పుడు అదే ఫాస్ఫేట్‌ని విడగొడితే ఏటీపీ ఇచ్చేదానికి రెండింతల శక్తి వస్తుంది. కొత్తగా శక్తి ఎక్కణ్ణుంచీ తేలేదు, ఉన్నదాన్ని ఒక మూలకి తోసిపెట్టింది. తడిబట్టని రెండు చేతులతో మెలి తిప్పి పట్టుకున్నావనుకో, వదిలితే చర్రున తిరుగుతుంది చూడు, అలా. ఆ వదిలే పని పదో ఎంజైమ్ పైరువేట్ కైనేజ్‌ది. పుస్తకాల్లో పేరంతా దానికే వస్తుంది, మెలి తిప్పింది మాత్రం ఎనోలేజ్.

దాని ఒడిలో రెండు మెగ్నీషియం అయాన్లు కూర్చుంటేనే ఈ పని జరుగుతుంది. ఫ్లోరైడ్ వచ్చినప్పుడు ఫాస్ఫేట్‌నీ మెగ్నీషియాన్నీ కలుపుకుని ఆ ఒడిలోనే ముద్దలా బిగుసుకుపోతుంది. అసలు అతిథికి చోటుండదు. 1941–42 ప్రాంతంలో వార్‌బర్గ్, క్రిస్టియన్ అనే ఇద్దరు ఈస్ట్ నుంచి ఎనోలేజ్‌ని స్ఫటికాలుగా తీసి ఈ సంగతి చూపించారు.

ఎంజైమ్‌ని గుర్తించింది అంతకుముందు, 1934లో, జర్మనీలో. కార్ల్ లోమన్, ఒట్టో మేయర్‌హాఫ్. ఇక్కడే మీ భీమవరం వస్తుంది. కండరాల్లో ఏటీపీ ఉందని 1929లో రెండు చోట్ల విడివిడిగా కనిపెట్టారు. ఒక చోట ఈ లోమనే, మేయర్‌హాఫ్ ల్యాబ్‌లో. రెండో చోట హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే, మన సుబ్బారావు గారు. అంటే ఎనోలేజ్‌తో సుబ్బారావు గారికి నేరుగా చుట్టరికం లేదు. ఎనోలేజ్ మెలి తిప్పేది ఏ నాణెం కోసమో, ఆ నాణేన్ని మొదట చూసిన కళ్లలో ఆయన కళ్లున్నాయి.

నాకు మాత్రం ఆయన వేరే దారిలో తెలుసు. 1925లో ఫిస్కే, సుబ్బారావు కలిసి రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి ఒకటి చెప్పారు. నేను ఉద్యోగంలో చేరినప్పుడు దాన్నే చేత్తో చేసేవాళ్లం. ప్రొటీన్ తీసేసిన ద్రవంలో అమ్మోనియం మాలిబ్డేట్ పోసి, ఏఎన్‌ఎస్‌ఏ అనే రసాయనం రెండు చుక్కలు వేస్తే మెల్లగా నీలం తేలుతుంది. ఫాస్ఫరస్ ఎక్కువైతే ముదురు నీలం, తక్కువైతే వాన వెలిసిన ఆకాశం రంగు. రికార్డు పుస్తకంలో పద్ధతి పేరు రాయాల్సిన చోట రోజుకి ఇరవైసార్లు "ఫిస్కే–సుబ్బారావ్" అని రాసేదాన్ని. ఆయన మన తెలుగువాడని నాకు చెప్పినవాళ్లు లేరు. మూడేళ్ల తర్వాత ఒక క్యాలెండర్ వెనక చదివి తెలుసుకున్నాను.

ప్రశ్న: మాది మర్రిగూడ మండలం. మా నాన్న ఫ్లోరైడ్ నీళ్లకి నడుము వంగి పోయాడు. షుగర్ పరీక్ష గొట్టంలో వేసేది కూడా ఫ్లోరైడే అని ఈమధ్య ఒక టెక్నీషియన్ చెప్పాడు. మా ఊళ్లో విషం, మీ ల్యాబ్‌లో మందా? మా రక్తంలో ఎలాగూ ఫ్లోరైడ్ ఉంది కదా, మా ఒంట్లో కూడా ఆ ఎంజైమ్ ఆగిపోతుందా? మా షుగర్ రిపోర్టులు తప్పు వస్తాయా?
– ఒక రైతు, నల్లగొండ జిల్లా

జవాబు: అన్నా, నీ ప్రశ్నలో కోపం ఉంది, ఉండాలి కూడా. లెక్కతో మొదలుపెడతాను.

బూడిద మూత గొట్టంలో ఒక మిల్లీలీటరు రక్తానికి సుమారు రెండున్నర మిల్లీగ్రాముల సోడియం ఫ్లోరైడ్ పడుతుంది. ఫ్లోరైడ్ లెక్కకి మారిస్తే లీటరుకి వెయ్యి మిల్లీగ్రాముల పైమాటే. తాగే నీళ్లలో మన దేశపు ప్రమాణం లీటరుకి ఒక మిల్లీగ్రాము, వేరే దారి లేకపోతే ఒకటిన్నర దాకా. ఫ్లోరోసిస్ ఉన్న మనిషి రక్తంలో కూడా ఫ్లోరైడ్ సాధారణంగా లీటరుకి ఒక మిల్లీగ్రాము లోపే ఉంటుంది. గొట్టంలోది దానికి వెయ్యి రెట్ల పైన. ఆ మోతాదులో ఎనోలేజ్ ఊపిరాడక కూర్చుంటుంది. మీ నాన్నగారి రక్తంలో ఉన్నంతకి అది ఆగదు. కాబట్టి ఆ కారణంగా మీ షుగర్ రిపోర్టు తప్పు రాదు.

మరి నడుము ఎందుకు వంగింది? అది ఎనోలేజ్ కథ కాదు, ఎముక కథ. తాగిన ఫ్లోరైడ్‌లో కొంత మూత్రంలో పోతుంది, మిగిలింది ఎముకలో చేరి అక్కడి ఖనిజంలో భాగమైపోతుంది. రోజూ కొంచెం, ఇరవై ముప్పై ఏళ్లు. ఎముక చిక్కబడుతుంది, కీళ్ల దగ్గర ఎముకల్ని పట్టి ఉంచే స్నాయువులు గట్టిపడతాయి. ఒక్కసారిగా వెయ్యి వంతులు పోసే గొట్టానికీ, చెంబుడు చెంబుడుగా జీవితకాలం పోసే బోరుకీ తేడా ఇదే.

మన దేశంలో ఈ జబ్బు గురించి మొదట రాసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాల మీద. నీళ్లలో పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ని అడుక్కి దింపే పద్ధతికి మీ జిల్లా పేరే పెట్టారు, 'నల్లగొండ టెక్నిక్' అని. పేరు మీ జిల్లాది, పద్ధతి మీ ఊళ్లలో ఎంతకాలం సరిగ్గా నడిచిందో మీకే ఎక్కువ తెలుసు. ఒక్క మాట మాత్రం అందరికీ చెప్పు. నీళ్లు కాచితే ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరైపోయి ఇంకా చిక్కబడుతుంది.

మీ వైపు ఒక శిబిరంలో ఒక ముసలమ్మ చెయ్యి చాపింది. మోచెయ్యి సగానికి మించి తెరుచుకోలేదు. సూది ఎక్కడ గుచ్చాలో నాకు చోటు దొరక్క అరచేతి వెనక నరం వెతికాను. "గింతే వస్తదమ్మా" అంది, తనదేదో తప్పయినట్టు. ఆమె రక్తం పోసింది బూడిద మూత గొట్టంలోనే. ఆ తెల్లపొడి చూసినప్పుడల్లా నాకు ఆ మోచెయ్యి గుర్తొస్తుంది.

ప్రశ్న: ఆఫర్ ఉందని మా అబ్బాయి నాకు ఫుల్ బాడీ చెకప్ చేయించాడు. నాకు అరవై నాలుగు, ఏ బాధా లేదు, సిగరెట్ ఎప్పుడూ ముట్టలేదు. రిపోర్టులో 'న్యూరాన్ స్పెసిఫిక్ ఎనోలేజ్' అనేది 29 వచ్చి ఎర్రగా ఉంది. నెట్‌లో చూస్తే లంగ్ క్యాన్సర్ అంటోంది. వారం నుంచి ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. కింద చిన్న అక్షరాల్లో 'నమూనాలో స్వల్ప హీమోలిసిస్' అని ఉంది. అదేమిటి?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఆ చిన్న అక్షరాలే అసలు రిపోర్టు సార్.

ఎనోలేజ్ మూడు రకాల ముక్కలతో తయారవుతుంది. ఆల్ఫా ఒళ్లంతా ఉంటుంది, బీటా కండరాల్లో, గామా ఎక్కువగా నాడీకణాల్లో. ఆ గామా రకాన్నే న్యూరాన్ స్పెసిఫిక్ ఎనోలేజ్, ఎన్‌ఎస్‌ఈ అంటారు. నాడీ లక్షణాలున్న కొన్ని గడ్డలు, ముఖ్యంగా చిన్నకణాల ఊపిరితిత్తుల క్యాన్సర్, పిల్లల్లో న్యూరోబ్లాస్టోమా, దీన్ని రక్తంలోకి వదులుతాయి. అందుకే జబ్బు ఉందని తేలినవాళ్లలో చికిత్స ఎలా సాగుతోందో చూడటానికి ఇది పనికొస్తుంది.

పేరులో 'న్యూరాన్ స్పెసిఫిక్' అని పెట్టారు కానీ, ఆ పేరుని అంత నమ్మకండి. ఎర్ర కణాల్లోనూ, ప్లేట్‌లెట్లలోనూ గామా ఉంది. హీమోలిసిస్ అంటే ఎర్ర కణాలు పగిలిపోవడం. సన్న సూదితో బలంగా లాగినా, గొట్టాన్ని బీరు సీసాలా ఊపినా, గంటల తరబడి కణాలని వేరు చేయకుండా వదిలేసినా అవి పగులుతాయి, లోపలి ఎనోలేజ్ సీరంలోకి, అంటే గడ్డకట్టిన రక్తం మీద తేలే ద్రవంలోకి, వచ్చేస్తుంది. మంచి సీరం లేత గడ్డి రంగులో ఉంటుంది. పగిలినదైతే దానిమ్మ రసం ఒక చుక్క పడ్డట్టు గులాబీ ఛాయ. కంటికి ఆ ఛాయ కనబడేలోపే ఎన్‌ఎస్‌ఈ లెక్క పెరిగిపోవచ్చు. చాలా కిట్లలో గీత 16, 17 దగ్గర ఉంటుంది, అక్కణ్ణుంచి 29కి ఎక్కడానికి ఇది చాలు.

ల్యాబ్‌కే వెళ్లి, పెద్ద నరంలోంచి జాగ్రత్తగా తీయించి, గంటలోపు సెంట్రిఫ్యూజ్ చేయమని, అంటే గిర్రున తిప్పి కణాలని వేరు చేయమని చెప్పి ఇంకోసారి చేయించండి. ఆ రెండు కాగితాలూ తీసుకుని డాక్టర్ గారి దగ్గరికి వెళ్లండి. రెండోసారీ ఎక్కువే వస్తే ఏం చేయాలో ఆయన చూస్తారు, దగ్గు, బరువు తగ్గడం లాంటివి ఉంటే దాచకుండా చెప్పండి. ఏ బాధా లేని మనిషికి క్యాన్సర్ వెతకడానికి ఎన్‌ఎస్‌ఈ చేయకూడదు, నా మాట అడిగితే. ప్యాకేజీలో పరీక్షల సంఖ్య పెంచడానికి ఇలాంటివి కుక్కేస్తారు. కొత్తిమీర కట్ట కొసరు వేసినట్టు.

ఈ పరీక్షకి నిజంగా గౌరవమున్న చోటు ఒకటుంది, ఐసీయూ. గుండె ఆగి మళ్లీ కొట్టుకున్న మనిషి స్పృహలోకి రాకపోతే, మెదడుకి ఎంత దెబ్బ తగిలిందో అంచనా వేయడానికి రెండో రోజూ మూడో రోజూ ఎన్‌ఎస్‌ఈ చూస్తారు. యూరప్ మార్గదర్శకాల్లో అక్కడ గీత 60. అప్పుడు కూడా దీన్ని ఒక్కదాన్నే పట్టుకుని నిర్ణయం తీసుకోరు, స్కాన్, ఈఈజీ, కంటిపాప పరీక్ష అన్నీ పక్కన పెట్టుకుంటారు. ఆ ఐసీయూల్లో కూడా నర్సమ్మకి మేం ఫోన్ చేసి అడిగే మొదటి ప్రశ్న ఒకటే, "సిస్టర్, శాంపిల్ హీమోలైజ్ అయిందా?"

ప్రశ్న: మా ఆడపడుచుకి రొమ్ము క్యాన్సర్, కీమో నడుస్తోంది. చక్కెర మానేస్తే క్యాన్సర్ కణాలు ఆకలికి చచ్చిపోతాయని వాట్సాప్‌లో చూసి అన్నం, పండ్లు, పాలు అన్నీ మానేసింది. నెలలో ఆరు కిలోలు తగ్గింది. డాక్టర్ తిడతాడని ఆయనకి చెప్పడం లేదు. ఈ మాటలో నిజముందా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ముందు ఫోన్ పక్కన పెట్టి డాక్టర్ గారికి చెప్పమనండి. ఈ వారమే. ఆరు కిలోలు తగ్గితే కీమో మందు మోతాదు దగ్గర్నుంచి అన్నీ మళ్లీ చూసుకోవాలి. తిడితే తిట్టనివ్వండి.

ఆ మెసేజ్‌లో ఒక గింజంత నిజముంది, అందుకే అది అంత తిరుగుతోంది. చాలా క్యాన్సర్ కణాలు మామూలు కణాలకంటే ఎక్కువ చక్కెర మింగుతాయి. ఇందాక చెప్పిన వార్‌బర్గే 1920ల్లో దీన్ని చూశాడు. పెట్ స్కాన్ పనిచేసేది కూడా దీని మీదే. కొంచెం రేడియోధార్మికత ఉన్న గ్లూకోజ్ లాంటి పదార్థం ఎక్కిస్తే గడ్డ దాన్ని లాక్కుని స్క్రీన్ మీద వెలుగుతుంది. గ్లైకాలిసిస్ వేగం పెరిగిన చాలా గడ్డల్లో ఆల్ఫా ఎనోలేజ్ కూడా పెరిగి ఉంటుంది.

కానీ నోటికి తాళం వేస్తే గడ్డకి తాళం పడదు. ఆమె అన్నం మానేస్తే లివర్ ఊరుకోదు. ముందు తన దగ్గరున్న నిలవ తీస్తుంది, అది అయిపోతే కండరం కరిగించి మరీ చక్కెర తయారు చేస్తుంది. మెదడు కోసం రక్తంలో చక్కెరని నిలబెట్టడమే దాని పని. గడ్డకి అందేది అందుతూనే ఉంటుంది. కరిగిపోయేది ఆడపడుచు చెయ్యీ కాలూ.

ఎనోలేజ్‌ని ఆపి క్యాన్సర్‌ని చంపడం అనే ఆలోచన మాత్రం వట్టిది కాదు. 2012లో 'నేచర్' పత్రికలో వచ్చింది. గ్లియోబ్లాస్టోమా అనే మెదడు గడ్డల్లో కొద్ది శాతంలో, ఒకటో క్రోమోజోమ్ కొస తెగిపోయినప్పుడు దానితోపాటు ఆల్ఫా ఎనోలేజ్ జన్యువు కూడా పోతుంది. ఆ గడ్డ కణం అప్పుడు గామా ఎనోలేజ్ మీదే బతకాలి. ఆ గామాని ఆపితే గడ్డ కణం చస్తుంది, పక్కనున్న మామూలు కణానికి ఆల్ఫా ఉంది కాబట్టి తట్టుకుంటుంది. రెండు బావులున్న ఊళ్లో ఒక బావి పూడిపోయినా గడుస్తుంది. ఉన్న ఒక్క బావి పూడిస్తే ఊరే ఖాళీ. 2020లో ఈ దారిలో తయారుచేసిన మందు ఒకటి ఎలుకల్లో అలాంటి గడ్డలని తగ్గించింది. ఎలుకల్లో. మీ ఆడపడుచుది వేరే జబ్బు, దీన్ని కూడా వాట్సాప్‌లో పంపేయకండి, దయచేసి.

ఇప్పటికి ఆమెకి పప్పన్నం, గుడ్డు, పెరుగు. మిగతాది ఆసుపత్రిలో డైటీషియన్ ఉంటారు, ఆమెని అడగండి.

ప్రశ్న: మా పాప ఏడో తరగతి. టూత్‌పేస్ట్‌లో ఫ్లోరైడ్ ఎందుకని అడిగింది. దానికీ ఏదైనా ఎంజైమ్ కథ ఉందా?
– ఒక తల్లి, కరీంనగర్

జవాబు: ఉంది, చిన్నది. నోట్లో చక్కెర తిని ఆమ్లం వదిలే బ్యాక్టీరియాకి కూడా ఎనోలేజ్ ఉంది, ఫ్లోరైడ్ దాన్ని కొంత మందగింపజేస్తుంది. అయితే పేస్ట్ చేసే మేలులో పెద్ద వాటా అది కాదు. ఆమ్లానికి అరిగిన పంటి పైపొరలో ఖనిజం మళ్లీ పేరుకోవడానికి ఫ్లోరైడ్ సాయపడుతుంది. పేస్ట్ మింగొద్దని చెప్పండి. మీ ఊరి బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువుంటే ఏ పేస్ట్ వాడాలో పళ్ల డాక్టర్‌ని అడగండి.

పాపకి ఇంకోటి చెప్పండి, సంతోషిస్తుంది. బాతు కంట్లో కటకం ఉంటుంది కదా, వెలుగుని వంచి చూపు తెప్పించేది. అందులో టావు-క్రిస్టలిన్ అనే ప్రొటీన్ ఒకటుంది. 1980ల్లో దాన్ని విప్పి చూస్తే అది అచ్చంగా మన ఆల్ఫా ఎనోలేజే, ఒకే జన్యువు నుంచి వచ్చింది. అక్కడ చక్కెర విరగ్గొట్టే పని కోసం కాదు, అద్దంలా పారదర్శకంగా పేరుకుని ఉండటానికి. ఈసారి చెరువు గట్టున బాతు మీ పాప వైపు తల తిప్పి చూస్తే, చూసేది ఎనోలేజ్‌లోంచే అని చెప్పండి.